చక్కెరకు తలుపు తీసేవారు

రోగుల కుటుంబ సభ్యుల కొరకు ఆరోగ్య పాఠం



ఆసుపత్రికి వచ్చే కుటుంబాలవారు మమ్మల్ని ఎన్నో ప్రశ్నలు అడుగుతుంటారు. వాటిలో మూడు ప్రశ్నలు పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్లే ఉంటాయి. "విరేచనాలు అవుతున్న బిడ్డకు ఉప్పు నీళ్లు పట్టమంటే సరే, అందులో చక్కెర ఎందుకు సిస్టరమ్మా?" అని ఒక తల్లి అడుగుతుంది. "మా ఆయన రక్తంలో అంత షుగరు ఉందంటున్నారు, మరి ఒంట్లో బలం లేక నీరసపడిపోతున్నాడేమిటి?" అని ఒక భార్య అడుగుతుంది. "డాక్టరుగారు కొత్త మాత్ర రాశాక మా నాన్న మూత్రంలో చక్కెర మూడు ప్లస్సులు వచ్చింది, జబ్బు ముదిరిందా?" అని ఒక కొడుకు కంగారుగా రిపోర్టు చూపిస్తాడు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. అది మన ఒంట్లోని ప్రతి కణం గోడలోనూ ఉండే చిన్న తలుపు. ఈ నెల పాఠం దాని గురించే.

గోడ, తలుపు

మన శరీరం కోట్లకొలది కణాలతో కట్టబడినది. ప్రతి కణానికీ చుట్టూ ఒక సన్నని పొర ఉంటుంది. ఆ పొర కొవ్వుతో చేసినది. గ్లూకోజు, అంటే మనం తినే అన్నం, రొట్టె, జొన్న సంకటి అన్నీ అరిగి చివరకు మారే చక్కెర, నీటిలో కరిగే పదార్థం. నూనె గిన్నెలో నీటి చుక్క వేస్తే కలవదు కదా, అలాగే నీటిలో కరిగిన గ్లూకోజు కొవ్వు పొరను దాటి తనంతట తాను లోపలికి పోలేదు. ఇంట్లో బియ్యం బస్తా దించాలంటే గోడలోనుంచి దించలేము, వాకిలి ఉండాలి. ఆ వాకిలి పని చేసేవి కొన్ని ప్రొటీనులు. మాంసకృత్తులు అని బడి పుస్తకాలలో చదువుకున్నామే, అవే. వీటిని గ్లూకోజ్ ట్రాన్స్‌పోర్టర్లు అంటారు. గ్లూకోజును ఒక పక్కనుండి రెండో పక్కకు చేరవేసేవి అని అర్థం.

ఇది ఊరకే తెరిచి ఉండే రంధ్రం కాదు. బయటి వైపు నోరు తెరుస్తుంది, గ్లూకోజు వచ్చి కూర్చుంటుంది, బయటి నోరు మూసుకుని లోపలి వైపు తెరుచుకుంటుంది, గ్లూకోజు లోపలికి జారుతుంది. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోదు. బ్యాంకులలో ఒక తలుపు మూసుకున్నాకనే రెండోది తెరుచుకునే ఏర్పాటు కొన్నిచోట్ల చూస్తాం, అలాంటిదే.

మనుషులలో గ్లూట్ అనే కుటుంబానికి చెందిన ట్రాన్స్‌పోర్టర్లు 14 రకాలు ఉన్నాయి. అన్నీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. గ్లూట్-1 ఎర్ర రక్తకణాలలోనూ, మెదడుకు పోయే సన్నని రక్తనాళాల గోడలలోనూ ఉంటుంది. గ్లూట్-2 కాలేయంలో, క్లోమంలో ఉంటుంది. గ్లూట్-4 కండలలో, కొవ్వు కణాలలో, గుండెలో ఉంటుంది. ఇవి కాక ఎస్.జి.ఎల్.టి. అనే మరో కుటుంబం ఉంది. ఇవి గ్లూకోజును ఒంటరిగా రానివ్వవు, ఉప్పులోని సోడియంను జతగా తెస్తేనే లోపలికి తీసుకుంటాయి. ఈ రెండో కుటుంబంలో మనకు ముఖ్యమైనవి రెండు, పేగులో ఉండే ఎస్.జి.ఎల్.టి.-1, మూత్రపిండాలలో ఉండే ఎస్.జి.ఎల్.టి.-2.

ఉప్పూ చక్కెరా కలిసి ఎందుకు?

ఇప్పుడు మొదటి తల్లి ప్రశ్నకు వద్దాం. విరేచనాలు అయ్యేటప్పుడు పేగు నీళ్లను పట్టి ఉంచలేదు. వట్టి నీళ్లు పట్టినా చాలా భాగం మళ్లీ బయటికే పోతుంది. ఉప్పు నీళ్లు ఒక్కటే పట్టినా అంతే, ఎందుకంటే ఆ సమయంలో సోడియంను లోపలికి తీసుకునే మామూలు దారులు సరిగా పనిచేయవు. కాని ఎస్.జి.ఎల్.టి.-1 అనే ఈ తలుపు మాత్రం విరేచనాలలోనూ, కలరాలోనూ కూడా చాలావరకు చెడిపోకుండా పనిచేస్తూనే ఉంటుంది. ఇది ఒక గ్లూకోజుతో పాటు రెండు సోడియంలను లోపలికి తీసుకుంటుంది. ఆ రెండూ వెళ్లినచోటికి వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. అందుకే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టులో ఉప్పు, గ్లూకోజు రెండూ ఉంటాయి. చక్కెర రుచి కోసం కలిపినది కాదు, బలం కోసం కలిపినదీ కాదు. అది తాళం చెవి.

ఈ జత సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. ఆ తరువాత మన పక్కనే దానికి పెద్ద పరీక్ష వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగినప్పుడు పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్‌లో శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గారు ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అప్పటివరకు నూటికి 30 మంది దాకా చనిపోతున్నచోట మరణాలు నూటికి 4 కంటే తక్కువకు దిగాయి. ఆయన 2022లో మరణించారు, 2023లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ శిబిరంలో ప్రాణాలు నిలిపిన చేతులలో ఎక్కువ భాగం డాక్టర్లవీ నర్సులవీ కావు, కుటుంబ సభ్యులవి. మీరు చదువుతున్న ఈ పుస్తకం కూడా అందుకే మీ కొరకు వేస్తున్నాం.

అయితే చక్కెర ఎక్కువైతే ఏమవుతుంది? ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. తలుపులు కొన్నే ఉంటాయి, అవి తీసుకోగలిగినంతే తీసుకుంటాయి. మిగిలిన చక్కెర పేగులోనే ఉండిపోయి, ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఒక లీటరు ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. మొత్తం 20.5 గ్రాములు. ప్యాకెట్టు మీద ఈ లెక్క అచ్చు వేసి ఉంటుంది, చూసుకోండి.

రంగు రంగుల పెట్టెలలో, పండ్ల రుచితో, పేరులో ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు పెట్టుకుని కొన్ని పానీయాలు మందుల షాపులలోనే చాలాకాలం అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర ఈ లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అసలు లెక్క పాటించని ఏ పానీయం పేరులోనూ ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడరాదని ఆదేశించింది. మన తెలుగు బిడ్డ ఒక్కతే పట్టుబట్టి సాధించిన పని అది. అయినా జాగ్రత్త మానవద్దు. కొట్టువాడు "ఇదీ అదే అమ్మా, పిల్లలు ఇష్టంగా తాగుతారు" అని పెట్టె చేతిలో పెడితే, పొడి ప్యాకెట్టే కావాలని అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో, ఆశా కార్యకర్తల దగ్గర ఆ ప్యాకెట్టు ఉచితంగానే దొరుకుతుంది.

ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అని కొలతలు తప్పవద్దు. చిన్న ప్యాకెట్టు అయితే దాని మీద ఎంత నీరు అని రాసి ఉందో అంతే. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, మూడు నిమిషాలకొక చెంచా చొప్పున. తల్లిపాలు ఆపవద్దు. దీనితోపాటు డాక్టరుగారు ఇచ్చే జింకు మాత్ర, విరేచనాలు తగ్గిపోయినా సరే, 14 రోజులు పూర్తిగా వేయాలి. బిడ్డ మగతగా పడి ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఆలస్యం చేయక వెంటనే తీసుకుని రండి.

ప్యాకెట్టు దొరకని రాత్రివేళ ఏమి చేయాలి? లీటరు నీటికి చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చక్కెర పేగులో విడిపోయి సగం గ్లూకోజు అవుతుంది. మన అమ్మమ్మలు గంజిలో ఉప్పు వేసి పట్టేవారే, అది కూడా ఈ తలుపు గుండానే పనిచేస్తుంది. గంజిలోని పిండి పదార్థం పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజుగా మారి, ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి పోతుంది. వాళ్లకు ట్రాన్స్‌పోర్టరు పేరు తెలియదు గాని పని తెలుసు.

షుగరు జబ్బు ఉన్న పెద్దవారికి విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పట్టవచ్చా అని చాలామంది భయపడుతున్నారు. పట్టవచ్చు. లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు పెద్ద లెక్క కాదు, నీళ్లు అడుగంటితే వచ్చే ప్రమాదం దానికంటే చాలా ఎక్కువ. షుగరు మాత్రం తరచుగా చూపించుకుంటూ ఉండాలి. రెంటచింతల ఎండలు ఎట్లాంటివో మన పల్నాడులో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఆ రోజులలో విరేచనాలు కూడా తోడైతే పెద్దవారు కొన్ని గంటలలోనే పడిపోతారు.

ఇన్సులిన్ పిలిస్తేనే వచ్చే తలుపు

ఇప్పుడు రెండో ప్రశ్న. రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా మనిషి ఎందుకు నీరసించిపోతాడు?

కండలలో ఉండే గ్లూట్-4 తలుపు మిగిలినవాటి వంటిది కాదు. అది ఎప్పుడూ గోడలో ఉండదు. కణం లోపల చిన్న చిన్న సంచులలో మడిచిపెట్టి ఉంటుంది. మనం అన్నం తినగానే క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. ఇన్సులిన్ కణం గోడకు వచ్చి తాకగానే లోపలికి కబురు పోతుంది, సంచులు కదిలి గోడ దగ్గరకు వచ్చి కలిసిపోతాయి, తలుపులు బయటపడతాయి, చక్కెర లోపలికి పోతుంది. ఇన్సులిన్ తగ్గగానే తలుపులు మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి.

చిన్నవయసులో వచ్చే మొదటి రకం షుగరు జబ్బులో ఇన్సులిన్ తయారుకాదు, కబురు పంపేవారే లేరు. పెద్దవారిలో ఎక్కువగా వచ్చే రెండో రకంలో కబురు పోతుంది గాని కణం సరిగా వినదు. ఏదైనా ఫలితం ఒకటే. చక్కెర వీధిలో పారుతుంటుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే బరువు తగ్గడం, ఆకలి, దాహం, నీరసం. "షుగరు ఎక్కువ ఉంది కదా, తిండి మాన్పిస్తే సరిపోతుంది" అని కొందరు ఇన్సులిన్ ఆపి రోగిని పస్తులుంచుతారు. తిండి తగ్గిస్తే వీధిలో చక్కెర కొంత తగ్గవచ్చు గాని తలుపు తెరుచుకోదు. మొదటి రకం జబ్బు ఉన్న పిల్లలకైతే జ్వరం వచ్చినా, తిండి తినకపోయినా డాక్టరుగారిని అడగకుండా ఇన్సులిన్ పూర్తిగా ఆపడం ప్రాణాపాయం.

ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. కండ పనిచేసినప్పుడు ఇన్సులిన్ పిలవకపోయినా గ్లూట్-4 తలుపులు గోడకు వస్తాయి. నడక షుగరు తగ్గిస్తుందని మేము ఊరకే చెప్పడం లేదు, రెండో రకం జబ్బులో మొరాయించిన తలుపుకు అది మరో తాళం చెవి. రాత్రి భోజనం అయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలు వీధి చివరిదాకా నడిచి వచ్చినా మేలే. అయితే ఇన్సులిన్ వేసుకుని మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లేవారు జాగ్రత్తగా ఉండాలి. సూది ఒక పక్క, ఎండలో కష్టం ఒక పక్క తలుపులు తెరుస్తాయి గనుక చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పని ఆగిన తరువాత కూడా కొన్ని గంటలు అది జరుగుతుంది. చెమట, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం, తిక్కమాటలు కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తేవాలి. తోటి కూలీలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. మేస్త్రికి కూడా చెప్పాలి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మూత్రంలోకి చక్కెరను వదిలే మాత్ర

మూడో ప్రశ్న కొడుకుది. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును రక్తంనుండి వడపోసి, మళ్లీ దాదాపు అంతా రక్తంలోకి తిరిగి తీసుకుంటాయి. ఈ తిరిగి తీసుకునే పనిలో నూటికి 90 పాళ్లు ఎస్.జి.ఎల్.టి.-2 అనే తలుపుది. రక్తంలో చక్కెర 180 దాటితే తలుపులు చాలక మిగిలినది మూత్రంలోకి పొంగుతుంది. అందుకే పాతకాలంలో చీమలు పట్టిన మూత్రం అనేవారు.

ఆ తలుపునే కావాలని మూసేస్తే? ఎక్కువైన చక్కెర మూత్రంలో పోతుంది కదా. ఈ ఆలోచనకు మూలం ఆపిల్ చెట్టు. 1835లో యూరపు రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు బెరడునుండి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం తీశారు. 1880ల దశకంలో జర్మనీ వైద్యుడు వాన్ మెరింగ్ అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని చూపించారు. అది పేగులోని తలుపును కూడా మూసి విరేచనాలు కలిగించేది గనుక మందుగా పనికిరాలేదు. మూత్రపిండపు తలుపును మాత్రమే మూసే మందు దొరకడానికి నూరేళ్లకు పైగా పట్టింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి "గ్లిఫ్లోజిన్" తోక ఉన్న మాత్రలు అవే. మన దేశంలో మొదటిదాని పేటెంటు 2020లో, రెండోదాని పేటెంటు 2025లో ముగిసినందున ఇప్పుడు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. గుండె బలహీనతకు, మూత్రపిండాల జబ్బుకు కూడా మేలు చేస్తాయి గనుక షుగరు లేనివారికి కూడా డాక్టర్లు రాస్తున్నారు.

కాబట్టి ఈ మాత్ర వేసుకునేవారి మూత్రంలో చక్కెర కనిపించడం జబ్బు ముదిరినట్లు కాదు, మాత్ర పనిచేస్తున్నట్లు. కాని ఇంటివారు నాలుగు సంగతులు తెలుసుకుని తీరాలి. మూత్రం ఎక్కువ అవుతుంది గనుక నీళ్లు తాగాలి (గుండె జబ్బుకు నీటి కొలత పెట్టినవారు ఆ కొలత ప్రకారమే). మూత్రం వచ్చేచోట దురద, తెల్లని పూత రావచ్చు, శుభ్రంగా కడుక్కోవాలి, దాచుకోకుండా చెప్పాలి. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరంతో తిండి తినలేని రోజులలో ఈ మాత్ర ఆపి డాక్టరుగారికి కబురు చేయాలి. ఆపరేషను ఉంటే సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, మత్తు డాక్టరుకు ఈ మాత్ర పేరు తప్పక చెప్పాలి. కారణమేమంటే, ఒంటికి తిండి లేనప్పుడు ఈ మాత్ర వలన రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఆ సమయంలో షుగరు మామూలుగానే కనిపించవచ్చు. వాంతి, కడుపునొప్పి, ఆయాసం ఉండి గ్లూకోమీటరులో 160 వచ్చిందని ఊరుకోవద్దు.

శ్రమకాలపు ఉపవాసాలు చేసే మన సంఘ పెద్దలకు ఇది ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. రంజాను ఉపవాసముండే మన పొరుగువారికీ ఇదే మాట. ఉపవాసం మొదలుపెట్టే ముందే డాక్టరుగారితో మాట్లాడి మాత్రలు, సూదులు ఎలా మార్చుకోవాలో రాయించుకోండి. నీళ్లు కూడా ముట్టకుండా మూడు దినాలు ఉండి గ్లిఫ్లోజిన్ మాత్ర మాత్రం మానకుండా వేసుకునేవారిని చూస్తే మాకు గుండె గుభేలుమంటుంది.

పుట్టుకతో తలుపు సరిగా లేని పిల్లలు

ఇవి అరుదైన జబ్బులు. అయినా రాయడానికి కారణముంది. కొన్నిచోట్ల వీటిని దయ్యమనీ శాపమనీ అనుకుని బిడ్డలను పోగొట్టుకుంటున్నారు.

మెదడుకు చక్కెర అందించే గ్లూట్-1 సగమే తయారయ్యే పిల్లలు ఉన్నారు. 1991లో డాక్టర్ డెవివో మొదటిసారి ఈ జబ్బును వివరించారు. రక్తంలో చక్కెర మామూలే, కాని మెదడుకు చేరదు. పసితనంలోనే ఫిట్సు వస్తాయి, ముఖ్యంగా ఉదయం పరగడుపున. కొందరిలో నడక తూలుతుంది, మాట ఆలస్యమవుతుంది. ఏమైనా తిన్నాక బిడ్డ తేరుకున్నట్లు కనిపిస్తుంది. ఈ సంగతి తల్లికే బాగా తెలుస్తుంది గనుక డాక్టరుకు తప్పక చెప్పండి. వెన్నుపూస నీటిలో చక్కెర చూసి, జన్యు పరీక్ష చేసి నిర్ధారిస్తారు. కొవ్వు ఎక్కువగా, పిండి పదార్థం చాలా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం దీనికి వైద్యం, ఎందుకంటే కొవ్వునుండి వచ్చే కీటోనులు మెదడులోకి వేరే తలుపు గుండా పోతాయి. అది ఇంట్లో సొంతంగా మొదలుపెట్టే పథ్యం కాదు, పిల్లల నరాల వైద్యుల దగ్గరే ప్రారంభించాలి. ప్రార్థన చేయించండి, మేమూ చేస్తాం. ఫిట్సు మాత్ర మాత్రం ఆపవద్దు.

రెండవది పేగులోని ఎస్.జి.ఎల్.టి.-1 పుట్టుకతోనే పనిచేయకపోవడం. తల్లిదండ్రులిద్దరినుండీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది కలుగుతుంది గనుక మేనరికాలలో అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో మేనమామకు, మేనబావకు పిల్లనివ్వడం ఇంకా ఉన్నదే. అలాంటి బిడ్డకు పుట్టిన కొద్ది రోజులకే తల్లిపాలు తాగిన ప్రతిసారీ నీళ్ల విరేచనాలవుతాయి, ఓ.ఆర్.ఎస్. పట్టినా పెరుగుతాయి. పైన చెప్పిన తాళం చెవి ఉన్నా తలుపే లేదు కదా. ఫ్రక్టోజుతో చేసిన ప్రత్యేకమైన పాలతో బిడ్డ బ్రతుకుతాడు, ఎందుకంటే ఫ్రక్టోజుకు గ్లూట్-5 అనే వేరే తలుపు ఉంది. ఇది చదివి ఎవరూ తమంతట తాము తల్లిపాలు ఆపవద్దు. నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా పసిబిడ్డల విరేచనాలకు తల్లిపాలే మందు. పాలు ఆపాలో వద్దో తేల్చవలసింది ఆసుపత్రిలోనే.

ప్రయోగశాలలో తయారయ్యే తలుపు

ఇంత చిన్న తలుపు గురించి ఇంత వివరంగా ఎలా తెలిసింది? 1985లో అమెరికాలో మైక్ మ్యూక్లర్, హార్వే లోడిష్ బృందం గ్లూట్-1 జన్యువును విడదీసి చదివింది. అందులో 492 అమైనో ఆమ్లాలు ఒక దండలా ఉంటాయి, ఆ దండ కణం గోడను 12 సార్లు లోపలికీ బయటికీ కుట్టినట్లు దాటుతుంది. 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం కుందేలు పేగునుండి తీసిన జన్యు సందేశాన్ని కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఆ గుడ్లు గ్లూకోజును పీల్చుకోవడం చూసి ఎస్.జి.ఎల్.టి.-1ను పట్టుకుంది. విరేచనాలతో బాధపడే పిల్లల జన్యువులో లోపం ఎక్కడుందో కూడా అదే బృందం 1991లో చూపింది.

ఇలాంటి పరిశోధనకు ప్రొటీను కావాలి, అదీ మనిషి ప్రొటీను. మనిషి ఒంటినుండి తీయడం కష్టం గనుక మనిషి జన్యువును తీసి బాక్టీరియాలోనో, ఈస్టులోనో, కీటకాల కణాలలోనో, గాజు పాత్రలో పెంచే క్షీరద కణాలలోనో ప్రవేశపెడతారు. ఆ కణం తన పనితోపాటు మనిషి ప్రొటీనును కూడా తయారుచేస్తుంది. దీనినే రికాంబినెంట్ ప్రొటీను అంటారు. తరువాత కణాలను పగలగొట్టి, సబ్బు వంటి పదార్థంతో కొవ్వు పొరనుండి ప్రొటీనును విడదీసి, శుద్ధి చేసి, సున్నాకు 80 డిగ్రీలు దిగువన చలిలో దాచుతారు. కొవ్వు పొరలో ఉండవలసిన ప్రొటీను బయటికి వస్తే ముడుచుకుని చెడిపోతుంది, అందుకే ఈ పని కష్టం, ఖరీదు కూడా. ఇలా తయారుచేసిన మనిషి గ్లూట్-1 ఆకారాన్ని 2014లో చైనాలో నియెంగ్ యాన్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం మొదటిసారి స్పష్టంగా చూపించింది. మన దుర్గి శిల్పులు రాతిలో ఆకారం చూసినట్లు, వారు స్ఫటికంలో దాని మడతలన్నీ చూశారు. ఆకారం తెలిస్తే జబ్బు బిడ్డలో ఏ మడత దెబ్బతిన్నదో తెలుస్తుంది, ఏ మందు ఎక్కడ పట్టుకుంటుందో పరీక్షించవచ్చు.

ఈ విధానం మనకు కొత్తది కాదు. హెపటైటిస్-బి టీకా పూర్వం విదేశాలనుండి వచ్చి పేదవారికి అందని ధరలో ఉండేది. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టులో ఆ టీకా ప్రొటీనును తయారుచేసి 1997లో విడుదల చేసింది. మన బిడ్డలకు ఈ రోజు ఉచితంగా పడుతున్న చుక్కలు, సూదుల వెనుక అలాంటి శ్రమ ఉంది.

కాలేజీలో చదివే పిల్లలున్న కుటుంబాలవారు అప్పుడప్పుడు అడుగుతారు, "మనిషి గ్లూకోజ్ ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీను సీసాలలో అమ్ముతారట, అది తెప్పించి మా నాన్నకు ఎక్కించరాదా?" అని. ఎక్కించరాదు. ఆ సీసా మీద పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని రాసి ఉంటుంది. దానిలో ఉండేది మైక్రోగ్రాములలో కొలిచే ప్రొటీను, క్రిమిరహితం చేసిన మందు కాదు. పైగా సూదిగా వేసినా అది వెళ్లి కండ కణం గోడలో తనంతట తాను బిగుసుకోదు. ఇంటికి వాకిలి లేదని ద్వారబంధం తెచ్చి వీధిలో పడేస్తే ఏమి లాభం? అలాంటిది ఏదైనా షుగరుకు విరుగుడుగా ఎవరైనా అమ్మజూపితే డబ్బు పెట్టకండి.

ఇన్సులిన్ సంగతి వేరు. ఈనాటి ఇన్సులిన్ కూడా రికాంబినెంట్ ప్రొటీనే, 1982నుండి మార్కెట్టులో ఉంది. అంతకుముందు పందుల, పశువుల క్లోమాలనుండి తీసేవారు. అది కణం గోడకు బయటినుండి వచ్చి తాకితే చాలు గనుక సూదిగా వేస్తే పనిచేస్తుంది. అయితే ఏ ప్రొటీను అయినా వేడికి చెడుతుంది. తెరవని సీసాలను ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాలి, గడ్డకట్టే పెట్టెలో కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుకలో ఉన్న సీసాను చల్లనిచోట ఉంచి సుమారు నాలుగు వారాలలో ముగించాలి, తెరిచిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాను పాలిథీన్ సంచిలో కట్టి అందులో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. ఇసుక ఆరకుండా పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లుతూ ఉండాలి. మోటారు సైకిలు డిక్కీలో, కిటికీ అంచున, పొయ్యి గట్టున మాత్రం పెట్టవద్దు.